మావయ్య వామనగుంటల పీట

ముక్కనుమ వెళ్లిన మర్నాడు మావయ్య అటక మీద నుంచి రేకుపెట్టె దింపేవాడు. మా ఇంట్లో పండగ అయిపోయిందనడానికి అదే గుర్తు. ఇంకో నెలా నెలన్నరలో డిగ్రీ పిల్లలకి ప్రాక్టికల్ పరీక్షలు. ఈలోగా రాజమండ్రి నుంచి అటు తుని దాకా, ఇటు అమలాపురం, రాజోలు దాకా కాలేజీల్లో ఉన్న మైక్రోస్కోపులకీ స్పెక్ట్రోమీటర్లకీ చూపు రావాలి. 1971లో, నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, అమ్మ వద్దంటున్నా వినకుండా మొదటిసారి ఆ పెట్టె పట్టుకుని ఆయన వెనక బస్సెక్కాను. కోటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటుతున్నంతసేపూ పెట్టెని కింద పెట్టనివ్వలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చోమన్నాడు. అవతల ముక్తేశ్వరంలో దిగేసరికి నా తొడలు తిమ్మిరెక్కాయి.

పెట్టె అడుగున తాతయ్య పనిముట్లు ఉండేవి. తాతయ్య కంసాలి. ఆయన ఊదుగొట్టం, సన్నపాటి ఆకురాళ్లు, ఆవగింజంత మరని కూడా జారనివ్వని పట్టకార్లు మావయ్యకి వచ్చాయి. యుద్ధం రోజుల్లో మావయ్య మద్రాసు వెళ్లి, సర్వే పరికరాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఆరేళ్లు పనిచేశాడు. బంగారానికి అలవాటుపడిన చెయ్యి అక్కడే గాజుకీ ఇత్తడికీ అలవాటుపడింది. పనిముట్ల పైన అరలో సీసాలు: స్పిరిట్టు, ఈథరు, జైలాల్, పెట్రోలు, స్పిరిట్టులో కరిగించిన లక్క, తేనెరంగు కెనడా బాల్సం. వాటి పక్కన చెవి కడిగే రబ్బరు బుడ్డి, కొబ్బరి ఈనెలు, దూది, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన గ్లాస్కో పంచె ముక్కలు. అన్నిటి మీదా మూతలాగా అమ్మమ్మ వామనగుంటల పీట.

ఆ పీట గురించి చెప్పాలి. పనసచెక్కతో చేసింది. ఈ వరస ఏడు గుంటలు, ఆ వరస ఏడు. చింతపిక్కలు ఉండాల్సిన గుంటల్లో మావయ్య మరలూ లెన్సులూ స్ప్రింగులూ పెట్టేవాడు. మొదట ఊడదీసిన ముక్క ఎడమచేతి వైపు మొదటి గుంటలోకి, దాని తరవాతది రెండో గుంటలోకి. బిగించేటప్పుడు ఆఖరి గుంట నుంచి వెనక్కి రావాలి. పద్నాలుగు గుంటలు చాలనంత పని అయితే ఒక భాగం విప్పి, శుభ్రం చేసి, బిగించాకే ఇంకో భాగం ముట్టుకునేవాడు. "విప్పేటప్పుడు నీ చేతిలో ఉన్నదేంటో నీకు తెలుసురా అబ్బాయ్. భోంచేసి వచ్చేసరికి తెలీదు. అందుకే గుంట" అనేవాడు.

ఏ కాలేజీకి వెళ్లినా మొదటి అరగంట ఒక్క మర కూడా తిప్పేవాడు కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, బల్ల మీద తెల్లబట్ట పరిచి, మర దొర్లిపోకుండా అంచులు పైకి మడిచి, మైక్రోస్కోపుని కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. చూపులో ఒక మచ్చ కనపడిందనుకోండి. ఐపీసుని అక్కడే గుండ్రంగా తిప్పేవాడు. దాంతోపాటు మచ్చ తిరిగితే మురికి ఐపీసులో ఉన్నట్టు. స్లైడు జరిపితే మచ్చ జరిగితే అది స్లైడుది. రెంటికీ కదలకపోతే కింద ఆబ్జెక్టివ్‌లోనో కండెన్సర్‌లోనో వెతకాలి. ఇంత చూశాక ఏది విప్పాలో తేలేది. సగం సార్లు విప్పాల్సిన పనే ఉండేది కాదు. లెక్చరర్లు మాత్రం ఆయన ఊరికే కూర్చున్నాడనుకుని, "ఏం మేస్త్రి గారూ, ఇంకా మొదలెట్టలేదా?" అని పలకరించి వెళ్లేవారు.

గోదావరి డెల్టాలో గాజుకి పెద్ద శత్రువు వాన. జూన్‌లో పడిన తాళం సంక్రాంతికి గానీ తీయని చెక్కపెట్టెలు, లోపల మఖమలు గుడ్డ, చీకటి, తేమ. బూజుకి ఇంతకన్నా ఏం కావాలి? లెన్సుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనపడేది, మధ్యలో ఒక చుక్క, దాని నుంచి వేరులా చీలి చీలి పాకిన తెల్లని పోగులు. తొందరగా పట్టుకుంటే హైడ్రోజన్ పెరాక్సైడులో రెండు చుక్కల అమ్మోనియా కలిపి తుడిస్తే పోయేది. రెండు మూడు వానాకాలాలు వదిలేస్తే అది వదిలే ఆమ్లం గాజునే తినేసేది. బూజు పోయినా దాని అచ్చు పోదు. అలాంటి లెన్సు చూసినప్పుడు మావయ్య ముఖం చిన్నబోయేది. ప్రతి కాలేజీలోనూ అటెండర్లకి ఒకటే పాఠం చెప్పేవాడు: కర్ర బీరువాలో కింది అరలో నలభై వాట్ల బల్బు వానాకాలమంతా వెలుగుతూ ఉండాలి, మైక్రోస్కోపు పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు ఉండాలి. నీలంగా ఉన్న గుళికలు గులాబీ రంగులోకి తిరిగితే తేమ తాగేసినట్టు. మూకుట్లో వేసి సన్నసెగ మీద వేయిస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ మాట విన్న కాలేజీ ఏదో, వినని కాలేజీ ఏదో, ఆర్నెల్ల తరవాత లెన్సు చూస్తే తెలిసిపోయేది.

లెన్సు తుడవడం అన్నిటికన్నా చివరి పని. ముందు రబ్బరు బుడ్డితో ఊదాలి, తరవాత మెత్తని కుంచెతో దులపాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలి ఉండగా గుడ్డతో తుడిస్తే అది గాజు మీద నాగలిలా చాలు తీస్తుంది. అప్పుడు కొబ్బరి ఈనె కొసకి దూది చుట్టి, ఈథరూ స్పిరిట్టూ కలిపిన దాంట్లో తడిపి, విదిలించి, మధ్యలో మొదలుపెట్టి సుడిలాగా అంచు దాకా తెచ్చేవాడు. ఒక దూదితో ఒక్కసారే. రెండోసారికి కొత్త దూది. చివర నోటితో హా అని ఆవిరి పట్టి చూసేవాడు. ఆవిరి మరకలు లేకుండా ఒకేలా పట్టి ఒకేలా ఆరిపోతే పని అయినట్టు.

నాకు మొదట అప్పగించిన పని ఐరిస్. కండెన్సర్ కింద వెలుతురుని కుదించే రెక్కల తలుపు అది. కాగితం కన్నా పల్చటి ఉక్కు రేకులు, చంద్రవంక ఆకారంలో. ఒక్కో రేకుకి రెండు కొసల్లో రెండు మేకులు, ఒకటి పైకి, ఒకటి కిందకి. తుప్పు పట్టి బిగుసుకుపోతే అన్నీ ఊడదీసి పెట్రోల్లో కడగాలి. తిరిగి పేర్చడమే కష్టం. ఒక్కో రేకు దాని ముందు రేకు మీద సగం పడుకోవాలి. అలా చుట్టూ వచ్చాక ఆఖరి రేకు మొదటి రేకు కిందికి దూరాలి. ఆ ఆఖరి రేకు దూర్చేటప్పుడు ఊపిరి గట్టిగా వదిలినా మిగిలినవన్నీ జారిపోయేవి. మొదటి రోజు ఆరుసార్లు జారిపోయాయి. ఏడోసారి పై రింగు కూర్చుని, పిడి తిప్పగానే మధ్యలో రంధ్రం కలువ ముడుచుకున్నట్టు ముడుచుకుంది. నా చేతులవి చిన్నవేళ్లు కాబట్టి నాకిచ్చాననేవాడు. నిజానికి నాకు కూర్చోవడం నేర్పడానికే ఇచ్చాడని చాలాకాలానికి అర్థమైంది.

కెనడా బాల్సం కథ వేరు. ఫర్ చెట్టు జిగురు అది. క్రౌన్ గాజు ఒకటి, ఫ్లింట్ గాజు ఒకటి, రెండు లెన్సులు అతికించి ఒక్కటి చేస్తేనే రంగుల అంచులు పోతాయి. ఆ అతుకు బాల్సంతో వేస్తారు. గాజు కాంతిని ఎంత వంచుతుందో ఇంచుమించు అదీ అంతే వంచుతుంది, అందుకే అతుకు కంటికి కనపడదు. వయసు మీద పడిన కొద్దీ అంచు నుంచి పసుపెక్కి, ఫెర్ను ఆకులా పొర లేస్తుంది. అప్పుడు లెన్సు జంటని విడదీసి మళ్లీ అతకాలి. మావయ్య కుంపటి మీద ఇసుక మూకుడు పెట్టి, ఇసుకలో లెన్సుని పడుకోబెట్టి, అంగుళం అంగుళం చొప్పున నిప్పులు దగ్గరికి జరిపేవాడు. గాజుకి ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. బాల్సం మెత్తబడ్డాక బొటనవేలితో ఒక లెన్సుని పక్కకి నెట్టేవాడు. దోసె పెనం మీద జారినట్టు జారేది. జైలాల్‌తో పాత జిగురంతా కడిగి, ఒక చుక్క కొత్త బాల్సం వేసి, పై లెన్సుని సున్నాలు చుడుతూ నొక్కుతుంటే గాలి బుడగలు ఒక్కొక్కటే అంచుకొచ్చి పోయేవి. బాల్సం కోసం ఎప్పుడూ ఇబ్బంది లేదు. బోటనీ వాళ్లు పర్మనెంట్ స్లైడ్లకి వాడేదీ అదే. స్టోర్‌రూములో సీసా ఉండేది.

ఒక్కటి మాత్రం మావయ్య ఏ నాడూ విప్పలేదు: నికల్ ప్రిజం. చెరుకు రసంలో చక్కెర పాళ్లు కొలవడానికి చక్కెర ఫ్యాక్టరీల్లో ఉండే పోలారిమీటర్లలో, ఫిజిక్స్ ల్యాబుల్లో అది ఉండేది. 1828లో విలియం నికల్ కనిపెట్టాడు. కాల్సైటు స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి, మళ్లీ బాల్సంతోనే అతికిస్తారు. ఆ స్ఫటికంలో కాంతి రెండుగా చీలుతుంది. ఒక కిరణానికి వక్రీభవన గుణకం 1.658, ఇంకోదానికి 1.486. బాల్సంది రెంటికీ మధ్య, 1.55 దగ్గర. అందుకే ఒక కిరణం అతుకు దగ్గర తిరిగి వెళ్లిపోతుంది, ఇంకోటి దాటుతుంది. కాల్సైటు మెత్తని రాయి. రాగి నాణెం అంచుతో గీకినా గీత పడుతుంది. "ఇది నా చేతిలో పని కాదు మాస్టారూ, పంపించండి" అని దండం పెట్టేవాడు. తనకి రాదని చెప్పడానికి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు.

కాలేజీలు కాక మలేరియా యూనిట్లకీ వెళ్లేవాళ్లం. అక్కడ రక్తపు స్లైడ్లు రోజూ పదులకొద్దీ చూసేవారు. వంద రెట్లు చూపే ఆబ్జెక్టివ్ కొసని సెడార్ నూనె చుక్కలో ముంచి చూడాలి. పని అయ్యాక తుడవకపోతే ఆ నూనె ఆరి వార్నీషులా గట్టిపడుతుంది. ఆ కొస లెన్సు సగ్గుబియ్యం గింజంత. గోటితో గీకబోయిన వాడి చెయ్యి మావయ్య గబుక్కున పట్టుకోవడం నాకు గుర్తుంది. ఎర్ర రక్తకణం అడ్డుకొలత మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. దాని లోపల ఉంగరంలా ఉండే పరాన్నజీవి కనపడాలి. కనపడకపోతే జ్వరంతో ఉన్న మనిషికి ఏమీ లేదని కాగితం రాసి పంపేస్తారు. ఆ యూనిట్లలో పనికి మావయ్య డబ్బులు అడిగి పుచ్చుకోవడం నేను చూడలేదు, వాళ్లు ఇచ్చిందే తీసుకునేవాడు.

ఇప్పుడు సాలీడు. స్పెక్ట్రోమీటరు టెలిస్కోపులో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు సన్నగీతలు కనపడతాయి. క్రాస్‌వైర్ అంటారు. వైర్ అనేది పేరుకే. పాతవాటిలో అది సాలీడు దారం. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు, అయినా ఏళ్లతరబడి తెగదు. ఎవరో పిల్లవాడు ఐపీసు ఊడదీసి వేలు పెట్టాడంటే ఆ దారం పోయినట్టే. అప్పుడు మావయ్యా నేనూ పొద్దున్నే కాలేజీ వెనక తోటలోకి వెళ్లేవాళ్లం. గూడులో గుండ్రంగా తిరిగే దారం పనికిరాదు, దానికి జిగురు బొట్లుంటాయి. సాలీడు కిందికి దూకేటప్పుడు వదిలే దారం కావాలి. రాగి తీగని గుర్రపునాడాలా వంచి, దాని మీదికి సాలీడుని ఎక్కించుకుని, చిన్నగా తట్టేవాడు. అది దారం వదులుతూ కిందికి జారేది. అది జారుతుంటే మావయ్య తీగని బొంగరంలా తిప్పుతూ చుట్టుకునేవాడు. పది చుట్లు అయ్యాక సాలీడుని మళ్లీ ఆకు మీద దించేసేవాడు. దానికి ఏ హానీ జరగకూడదు. ఆ ఒక్క సంగతిలో చాలా పట్టింపుగా ఉండేవాడు.

ల్యాబ్‌కి వచ్చాక డయాఫ్రం రింగు మీద ఉన్న గీతల్లో దారం పడేలా తీగని నెమ్మదిగా దించాలి. నోటి ఆవిరి తగిలిస్తే దారం కాస్త వదులై, ఆరేటప్పుడు బిగుస్తుంది. రెండు కొసల్లో సూదిమొనతో లక్క చుక్క. ఆరాక అడ్డదారం. ఇదంతా పది నిమిషాల పని, అంతసేపూ ఫ్యాను ఆపేయాలి, ఎవరూ తలుపు తీయకూడదు. లెక్చరర్లు కూడా గుమ్మం బయటే నిలబడేవారు. వాళ్లలో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో రంగధామరావు గారి దగ్గర స్పెక్ట్రోస్కోపీ చదువుకుని వచ్చిన వాళ్లు కొందరు ఉండేవారు. స్పెక్ట్రోమీటరుని వాళ్లు చూసే తీరే వేరు. దారం కూర్చున్నాక టెలిస్కోపుని కిటికీలోంచి దూరంగా ఉన్న తాటిచెట్టు మీదికి తిప్పి, తలకిందులుగా కనపడే మట్ట కొస మీద దారం పదునుగా నిలబడిందో లేదో చూసి, "భేష్" అని మావయ్య భుజం మీద చెయ్యి వేసింది వాళ్లే.

1978లో నేను చేసిన తప్పు కూడా రాయాలి. అప్పటికి ఒంటరిగా పంపించడం మొదలుపెట్టాడు. ఒక కాలేజీలో ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఇత్తడి స్పెక్ట్రోమీటరు ఉండేది. టెలిస్కోపు ముందు లెన్సు రెండు గాజులు, కానీ అతుకు లేదు. మధ్యలో అంచున మూడు చోట్ల తగరపు రేకు ముక్కలు పెట్టి రింగుతో బిగించారు. ఇలాంటివి విప్పే ముందు రెండు గాజుల అంచుల మీదా కలిసి వచ్చేలా పెన్సిలుతో బాణం గీయాలి, బాణం మొన బయటి వైపు చూడాలి. ఏ గాజు ఎటు తిరిగి ఉందో, ఒకదాని మీద ఒకటి ఎక్కడ కూర్చుందో ఆ గీతే చెబుతుంది. ఆ రోజు గీత గీయకుండా విప్పాను. ఎందుకు మర్చిపోయానో ఇవాళ్టికీ చెప్పలేను. క్రౌన్ గాజు రెండు ముఖాల వంపూ వేరువేరుగా ఉంటుంది, కంటికి తేడా పెద్దగా తెలీదు. తిరగేసి పెట్టినా రింగులో చక్కగా కూర్చుంది. తాటిచెట్టు చూశాను, బాగానే ఉందనుకున్నాను. వచ్చేశాను.

పరీక్షల వారంలో కబురొచ్చింది. సోడియం దీపం ముందు గ్రేటింగ్ పెట్టి చూస్తే పసుపు గీత రెండు గీతలుగా విడిపోవాలి. ఒకటి 5890 ఆంగ్‌స్ట్రాములు, ఇంకోటి 5896. ఆ స్పెక్ట్రోమీటరులో విడిపోవడం లేదు, లావుపాటి పసుపు మసక ఒకటే కనపడుతోందని. మావయ్య నన్ను రమ్మనలేదు. మొదటి బస్సుకి తనే వెళ్లి, గాజు తిప్పి పెట్టి, దీపం ఎర్రగా వెలిగి పసుప్పచ్చగా మారిందాకా ఆగి, గీతలు రెండూ చూసుకుని రాత్రికి ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని, "పెన్సిలు గీత ఏదిరా?" అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు. ఆ పొద్దున ఆ పరికరం ముందు నిలబడి, లేని తప్పు తనదేననుకుని మరలు తిప్పుకుంటూ ఉన్న పిల్లవాడు ఎవరో నాకు తెలీదు. ఇన్నేళ్ల తరవాత కూడా అతను గుర్తొస్తాడు.

రాత్రిళ్లు లాడ్జి గదిలో మావయ్య మద్రాసు వర్క్‌షాపులో పెద్దమేస్త్రీల దగ్గర విన్న కథలు చెప్పేవాడు. దేశాన్ని కొలిచే సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ దొర అర టన్ను బరువున్న థియోడలైటుని 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుందట. దొర డేరా వేసుకుని, లోపల వారాలపాటు తనే కూర్చుని ఒంగిన చక్రాన్ని సాపు చేశాడట. ఇంతకన్నా మావయ్యకి ఇష్టమైన పేరు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. ఆర్కాటు మనిషి, మద్రాసులో నగల పని చేసేవాడు. సర్వేలో చేరి, లాంబ్టన్ తరవాత దాన్ని నడిపిన ఎవరెస్ట్ దొర పరికరాలన్నీ బాగుచేశాడు. ఇంగ్లండు నుంచి రప్పించిన నిపుణుడు వెళ్లిపోయాక 1843లో ఆ పెద్ద ఉద్యోగం ఈయనకే ఇచ్చారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మావయ్య తాతయ్య పట్టకారుని చేతిలో తిప్పుకుంటూ ఉండేవాడు.

ఎనభైల చివరికి కబుర్లు తగ్గాయి. అంబాలా నుంచి కొత్త మైక్రోస్కోపులు చవగ్గా రావడం మొదలైంది. పాతది బాగుచేయించే ఖర్చుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంటే స్టోర్స్ వాళ్లు మాత్రం ఏం చేస్తారు? సాలీడు దారం బదులు గాజు పలక మీద చెక్కిన గీతలొచ్చాయి. బాల్సం బదులు అతినీలలోహిత కాంతికి క్షణాల్లో గట్టిపడే జిగురొచ్చింది. రెండూ మంచివే, ఆ మాట మావయ్యే ముందన్నాడు. ఆయనకి మింగుడుపడనిది వేరే. అంకెలు చూపించే కొత్త పెట్టెలకి మర మీద కాగితం అతికించి ఉండేది. అది చింపితే గ్యారంటీ పోతుంది. ఒక కాలేజీలో అలాంటి పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, అద్దం ఎటుందో కూడా కనపడక, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాడు. ఇంకోచోట పాత ఇత్తడి మైక్రోస్కోపులు కిలోల లెక్కన సామాన్లవాడికి వేశారు. బండి మీద ఉన్నవాటిలో ఒక ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని చెక్కిన అంకెలు ఇంకా మెరుస్తున్నాయి. నూట అరవై మిల్లీమీటర్ల గొట్టానికి, మిల్లీమీటరులో నూటికి పదిహేడు పాళ్ల మందం ఉన్న కవర్‌స్లిప్పుకి లెక్కగట్టి చేసిన లెన్సు అది. సామాన్లవాడికి డబ్బులిచ్చి ఆ ఒక్కటి తెచ్చుకున్నాం.

1993 వానాకాలంలో మావయ్య పోయాడు. మంచం పట్టే ముందురోజు దాకా వీధి అరుగు మీద కూర్చుని ఒక మైక్రోస్కోపు విప్పుతూనే ఉన్నాడు. కర్మకాండలన్నీ అయ్యాక పెట్టె సర్దుతుంటే అరుగు మూల గుడ్డ కప్పిన పీట కనపడింది. గుడ్డ తీశాను. పదకొండు గుంటల్లో ముక్కలున్నాయి. పన్నెండో గుంట ఖాళీ. ఏ కాలేజీదో పట్టీ ఉంది. ఉత్తరం రాశాను. కొత్తవి కొనేశామని, దాన్ని మీరే ఉంచుకోండని జవాబొచ్చింది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ పీట ముందు కూర్చున్నాను. పదకొండో గుంటలో ఫైన్ అడ్జస్ట్‌మెంట్ స్ప్రింగు. పాత గ్రీజు గట్టిపడి ఉంటే కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు రాసి కూర్చోబెట్టాను. పదో గుంటలో దాని లివరు. తొమ్మిదిలో రెండు మరలు, ఒకటి రవ్వంత పొడుగు, దాని తల మీద గోటితో నొక్కినంత సిరా చుక్క. పొడుగుది కుడి వైపుకని ఆ చుక్క అర్థం. అలా వెనక్కి వస్తుంటే అయిదో గుంటలో అతుకు లేని రెండు గాజులు, అంచున పెన్సిలు బాణం. మూడో గుంటలో ఐరిస్, రేకులు విడివిడిగా. వేళ్లు ఇప్పుడు లావయ్యాయి, ఆఖరి రేకు నాలుగోసారికి గానీ దూరలేదు. మొదటి గుంటలో ఐపీసు. దాన్ని రెండుసార్లు తుడిచి, గొట్టంలోకి వదిలి, ఉల్లిపొర ఒకటి నీటిచుక్కలో పరిచి స్లైడు మీద పెట్టి, అద్దాన్ని వీధి వైపు వెలుతురుకి తిప్పాను.